సావ్ పావులోకి కొత్త: బ్రెజిల్ పాటలు ఎక్కడ మొదలుపెట్టాలి?

ప్రశ్న

అన్నలూ, అక్కలూ, నమస్తే. ఈమధ్యే బదిలీ మీద సావ్ పావులో ఆఫీసుకి వచ్చాను, విలా మరియానాలో ఉంటున్నాం. ఇక్కడ ఎవరింట్లో షురాస్కోకి పిలిచినా మాంసం సగం కాలకముందే ఎవరో ఒకరు గిటార్ తీస్తారు, ఇక ముసలీ ముతకా పిల్లలూ అందరూ అందుకుంటారు, ఒక్కరికీ కాగితం అక్కర్లేదు. నేను చప్పట్లు కొడుతూ కూర్చుంటున్నా. నాకు తెలిసింది ఇపనేమా అమ్మాయి పాట ఒక్కటే, అదేమో ఎవరూ ఎత్తుకోరు. యాప్‌లో టాప్ పాటలు పెడితే వచ్చేవి వేరు, వీళ్ళు పాడేవి వేరు. పాతవీ కొత్తవీ కలిపి ఎక్కడ మొదలుపెట్టమంటారు? పోర్చుగీస్ ఇంకా అక్షరాలు కూడబలుక్కునే స్టేజ్‌లోనే ఉంది.

కాంపినాస్ నుంచి

తమ్ముడూ, ముందు ఆ టాప్ లిస్టు పక్కన పెట్టు. ఈ వారం ఏం మోగుతోందో అది చెబుతుంది గానీ, మనుషులకి ఏం నోటికొచ్చో చెప్పదు. షురాస్కోలో పాడేవి చాలావరకు ముప్పై నలభై ఏళ్ళుగా నలిగిన పాటలు. వాటిని పట్టుకుంటే కొత్తవి వాటంతటవే వస్తాయి. అందులోనూ నువ్వుంటున్న ఊరి పాటతోనే మొదలుపెట్టు.

సావ్ పావులో పాటంటే అదోనిరాన్ బార్బోజా. ఇటలీ నుంచి వలస వచ్చిన కుటుంబం, అసలు పేరు జువావ్ రుబినాతో. ఆయన రాసిన 'త్రేం దాస్ ఓంజి', పదకొండింటి రైలు, 1964లో దెమోనియోస్ ద గరోవా బృందం పాడింది. కథ ఇంతే: అబ్బాయి ప్రియురాలితో ఇక ఒక్క నిమిషం కూడా ఉండలేనంటాడు, ఇల్లు జసనాన్‌లో, ఈ రైలు తప్పితే మళ్ళీ పొద్దున్నే, పైగా ఒక్కగానొక్క కొడుకు, వాడు గుమ్మం తొక్కేదాకా అమ్మ నిద్రపోదు. మన ఇళ్ళల్లో జరిగే భాగోతమే కదా! ఆ రైలు మార్గం 1960లలోనే మూసేశారు. నువ్వెక్కే మెట్రో నీలం లైన్‌లో చివరి స్టేషన్ తుకురువి, అక్కడి నుంచి జసనాన్ దగ్గరే. పాటలో అర్థం పర్థం లేని శబ్దాల కూత ఒకటి వస్తుంది, భాష రానివాడు కూడా అక్కడ గొంతు కలిపేయొచ్చు, నువ్వు ముందు అది నేర్చుకో చాలు. ఒక్క జాగ్రత్త: బీషిగా, బ్రాస్ పేటల్లో జనం ఎలా మాట్లాడేవాళ్ళో ఆయన అలాగే రాశాడు, వ్యాకరణం కావాలనే వదిలేశాడు. ఆ పోర్చుగీస్ తీసుకెళ్ళి క్లాసులో వాడకు.

రెండోది 'ఎవిదేన్సియాస్'. షితావ్‌జిన్యో, షొరొరో అనే జంట 1990లో రికార్డు చేసిన సెర్తనేజో (ఇక్కడి పల్లె బాణీ) పాట, మనసులో ప్రేమ పెట్టుకుని లేదని బుకాయించేవాడి గోల. ఇది రాకపోతే ఇక్కడ బతకలేవని నేను సీరియస్‌గానే అంటున్నా. లిబెర్దాజి పేటలో కరావోకే కెళ్ళు, పెళ్ళికెళ్ళు, పల్లవి రాగానే గ్లాసులు కిందపెట్టి, కళ్ళు మూసుకుని, గొంతు చించుకుంటారు. సెర్తనేజో చౌకబారని మూతి విరిచేవాళ్ళు ఆఫీసులో దొరుకుతారు, వాళ్ళతో వాదన పెట్టుకోకు, ఈ పాట దగ్గర వాళ్ళూ లేచి నిలబడతారు.

ఇంకోటి, ఎవరైనా "హొబెర్తో కార్లోస్" అంటే ఫుట్‌బాల్ ఆటగాడు అనుకోకు, వీళ్ళు 'రాజు' అని పిలుచుకునే గాయకుడు వేరే ఉన్నాడు. 1974లో మొదలైన ఆయన ఏడాది చివరి టీవీ కచేరీ ఇళ్ళల్లో పండగ సరంజామాలో భాగం. ఇంటి ఓనరు పెద్దావిడైతే ఆయన పాటలో రెండు లైన్లు నేర్చుకుని పో, పలకరింపే మారిపోతుంది.

కాస్త భాష వచ్చాక షికో బువార్కె దగ్గరికి వెళ్ళు, తన పాటలు తనే రాసి పాడుకునే గాయకుడు. తొందరపడకు, ఆయన పాటల్లో అసలు సరుకంతా మాటల్లోనే ఉంది. 'కోన్‌స్త్రుసావ్' 1971లోది. ఒక తాపీ కూలీ ఇంట్లో భార్యని ముద్దు పెట్టుకుని పనికెళ్ళి, భవనం మీంచి పడి చచ్చిపోతాడు, నడిరోడ్డు మీద ట్రాఫిక్‌కి అడ్డమవుతాడు. అదే కథ మళ్ళీ చెబుతాడు, ఈసారి పాదాల చివరి మాటలు అటుదిటు ఇటుదటు మార్చి. ఆ చివరి మాటలన్నిటికీ ఊనిక చివరి నుంచి మూడో అక్షరం మీదే పడుతుంది, మన ప్రాస పిచ్చి ఉన్నవాడికి ఇది పెద్ద విందు. అది సైనిక పాలన కాలం. 1968 డిసెంబరులో జనం హక్కులు నొక్కేసే ఏఐ-5 శాసనం వచ్చింది, అదే నెల కయేతానో వెలోజో, జిల్బెర్తో జిల్ అనే గాయకులిద్దరినీ పట్టుకుని లోపలేశారు, తర్వాత లండన్‌కి పంపించేశారు, 1972లో గానీ తిరిగి రాలేదు. (ఆ జిల్ 2003లో సాంస్కృతిక మంత్రి అయ్యాడు.) షికో 1970లో 'అపెజార్ జి వోసె' అని పాట వదిలితే సెన్సారు ప్రేమికుల తగువనుకుని సరేనంది, అది పాలకుడి మీద విసురని జనానికి ముందే తెలిసిపోయింది, తర్వాత మేలుకుని నిషేధించారు. తన పేరు చూస్తేనే పాటలు ఆపేస్తున్నారని జులిన్యో ద అదెలాయిజి అనే దొంగ పేరుతో కూడా పంపాడు, అవి దాటిపోయాయి. ఈ సంగతి తెలిసి వింటే ఆ దశాబ్దపు ప్రతి ప్రేమపాట మీదా అనుమానం వస్తుంది.

గొంతు కావాలంటే ఎలీస్ రెజీనా. 1982లో, 36 ఏళ్ళకే పోయింది. 1974లో స్వరకర్త తోం జోబింతో కలిసి పాడిన 'ఆగ్వాస్ జి మార్సో' నీలాంటి వాడికి పాఠ్యపుస్తకం: కర్ర, రాయి, బురద, గాజుపెంకు, వరసగా వస్తువుల పేర్లే, చివర్లో ఇద్దరూ నవ్వేస్తారు. బోసా నోవా, అంటే మెల్లగా గిటార్ మీద పాడే సాంబా, ఇక్కడి నుంచి వెనక్కి వెళ్ళి 1958 నాటి జువావ్ జిల్బెర్తో దాకా వినొచ్చు, అది ఇంట్లో ఒంటరిగా వినే సంగీతం, షురాస్కోకి పనికిరాదు.

కొత్తవాళ్ళలో నేను చెప్పేది ఎమిసిదా, సావ్ పావులో ఉత్తరం వైపు కుర్రాడు, ర్యాప్. 2019 నాటి 'అమారేలో'లో 1976 నాటి గాయకుడు బెల్షియోర్ గొంతు తెచ్చి పెట్టాడు, పాతా కొత్తా ఒకే పాటలో దొరుకుతాయి. మరీలియా మెన్దోన్సా తప్పకుండా విను. మోసపోయిన ఆడవాళ్ళ తరఫున మాట్లాడిన సెర్తనేజో గొంతు, 2021లో విమాన ప్రమాదంలో 26 ఏళ్ళకే పోతే దేశమంతా ఏడ్చింది. ఇక్కడి ఫంక్ గురించి ఒక్కటే మాట, చాలా పాటల్లో బూతులుంటాయి, అర్థం తెలుసుకోకుండా పిల్లల పుట్టినరోజులో పెట్టకు.

సాహిత్యానికి 'లెత్రాస్' సైట్, చాలా పాటలకి అనువాదం కూడా ఉంటుంది. గిటార్ వాయిస్తే 'సీఫ్రా క్లబ్'.

రెసీఫీ నుంచి

అన్నయ్య చెప్పినదాన్నిబట్టి బ్రెజిల్ అంటే సావ్ పావులో, రియో, అంతే అన్నమాట! మా ఈశాన్యం సంగతేంటి? తమ్ముడూ, లూయిజ్ గొన్జాగా 'ఆజా బ్రాంకా' వినకుండా వీళ్ళ మనసు తెలియదు. 1947, అకార్డియన్, బయావ్ దరువు. కరువొచ్చి భూమి కాలిపోతుంది, పశువు నీళ్ళు లేక చస్తుంది, చివరికి ఆ తెల్లరెక్కల పావురం కూడా ఊరొదిలి పోతుంది, ఆ వెనకే పాడేవాడూ పోతాడు, వానలు పడితే వస్తానని పిల్లకి మాటిచ్చి. మాది మహబూబ్‌నగర్, ఇది నాకు ఎవరూ వివరించక్కర్లేకపోయింది. మీ సావ్ పావులో భవనాలు కట్టిన చేతుల్లో చాలా మా వైపు నుంచి వలసొచ్చినవే, అక్కడ ఏ వాచ్‌మన్‌నో తాపీమేస్త్రీనో ఈ పాట గురించి అడిగి చూడు.

జూన్‌లో సావ్ జువావ్ పండగకి కారువారూ వెళ్ళు, లేదా కంపీనా గ్రాంజి, మాదే పెద్దదని రెండూళ్ళూ పోట్లాడుకుంటాయి. ఫొహో అనే మా జంట డ్యాన్స్ రెండడుగులు నేర్చుకుంటే చాలు. కొత్తవాడు కావాలంటే జువావ్ గోమెస్, మా పెర్నంబూకో రాష్ట్రం కుర్రాడు, 2002లో పుట్టాడు, ఫొహోకి కొత్త రూపమైన పిజేరో పాడతాడు.

మళ్ళీ ప్రశ్న

చాలా థ్యాంక్స్. అక్కా, నిన్న మా వాచ్‌మన్‌ని అడిగాను, పెర్నంబూకో వాడేనట, గేటు వదిలేసి మొత్తం పాడాడు! ఇంకో డౌట్, మా ఆవిడకి లైవ్‌లో వినాలని ఉంది, చిన్న పాప ఉంది, అర్ధరాత్రి బార్లంటే కష్టం.

కాంపినాస్ నుంచి

అయితే శనివారం మధ్యాహ్నాలు చూసుకో. సావ్ పావులోలో బుధ, శనివారాలు ఫెజ్వాడా (మాంసం వేసి వండే నల్ల చిక్కుడు గింజల కూర) రోజులు, చాలా చోట్ల దాంతోపాటే సాంబా కూడా పెడతారు. మనుషులు బల్ల చుట్టూ కూర్చుని పాన్‌దేరో, కవాకిన్యో (చేతి డప్పు, నాలుగు తీగల చిన్న గిటార్) వాయిస్తుంటే మిగతావాళ్ళు వాళ్ళ చుట్టూ నిలబడి పాడతారు, దాన్నే రోదా అంటారు. స్టేజీ ఉండదు, పాపని ఎత్తుకుని ముందు వరసలోనే నిలబడొచ్చు. మీరు వెజ్ అయితే ఫెజ్వాడాలో పంది మాంసం ఉంటుంది, అన్నం, కోవీ ఆకు వేపుడు విడిగా అడగండి, ఆకులో కూడా బేకన్ వేస్తారు, వద్దని ముందే చెప్పాలి. కచేరీలకి సెస్కీ అనే సంస్థ నడిపే సాంస్కృతిక కేంద్రాలు చూడు, టికెట్ చవక, పెద్ద పెద్ద గాయకులు వస్తారు, పొంపేయాలో ఉన్నది పాత ఫ్యాక్టరీని లీనా బో బార్జీ అనే ఆర్కిటెక్ట్ మార్చి కట్టింది, పిల్లలు పరుగెత్తడానికి చోటుంటుంది. సాంతో అమారోలో సాంబా ద వేలా అని ఇంకోటి ఉంది, కొవ్వొత్తి వెలిగించి అది ఆరిపోయేదాకా పాడతారు, కానీ అది సోమవారం రాత్రి, పాప నిద్రపోయాక నువ్వొక్కడివే వెళ్ళాలి.

బార్లో బిల్లు వచ్చినప్పుడు 'కువేర్ ఆర్చీస్చికో' అని అదనంగా ఉంటుంది, టెన్షన్ పడకు, మోసం కాదు, పాడినవాళ్ళ కోసం వేసేది. తలకింతని వేస్తారు కాబట్టి కూర్చునే ముందే ఎంతో అడుగు, పాపకి కూడా వేస్తారేమో కనుక్కో.