మధ్యలో నడిస్తే మారథాన్ పరుగెత్తినట్టేనా?

వేకువ:
నాకు 43 ఏళ్లు. పోయిన నెల మొదటి మారథాన్ పూర్తి చేశాను, 5 గంటల 38 నిమిషాలు. మొదట్నుంచీ నాలుగు నిమిషాలు పరుగు, ఒక నిమిషం నడక. మెడల్ చూపిస్తే, ఏళ్లుగా పరుగెత్తుతున్న మిత్రుడు "నడిచావు కదా, దాన్ని పరుగు అనరు" అన్నాడు. మనసు చివుక్కుమంది. మీరేమంటారు?

బారు_అడుగు:
ఏమీ అనుకోకండి, నేను మీ మిత్రుడి పక్షమే. 42.195 కిలోమీటర్లలో ముప్పై దాటాక కాళ్లు మొరాయిస్తాయి. అప్పుడు ఆగకుండా ఉండటానికే కదా ఇన్నాళ్ల సాధన! నేను రెండేళ్లు పది కిలోమీటర్లు, హాఫ్ మారథాన్‌లతోనే సరిపెట్టుకున్నాను. ఇప్పుడేమో నాలుగు నెలల ప్లాన్ పట్టుకుని నేరుగా ఫుల్‌కి దూకుతున్నారు.

పిక్కబలం:
తొందర పనికిరాదన్నది నిజమే. ఆయాసం కొన్ని వారాల్లో తగ్గుతుంది, ఎముకలూ, కండరాన్ని ఎముకకు కలిపే టెండన్లూ గట్టిపడటానికి నెలలు పడుతుంది. ఊపిరి సర్దుకుంది కదా అని దూరం పెంచేసి దెబ్బలు తగిలించుకున్నవాళ్లను చాలామందిని చూశాను.

నడక మాట మాత్రం ఒప్పుకోను. నడక పోటీలో రెండు పాదాలూ నేల వదిలినట్టు కంటికి కనిపిస్తే తప్పు. పరుగు పోటీలో నడవకూడదన్న నియమం లేదు. పరుగు, నడక కలిపే ఈ పద్ధతికి ప్రచారం తెచ్చిన జెఫ్ గాలోవే 1972 ఒలింపిక్స్‌లో 10,000 మీటర్లు పరుగెత్తిన మనిషి. ఆయన చెప్పింది అలసిపోయాక నడవమని కాదు, అలసట రాకముందే నడవమని.

నా మొదటి మారథాన్‌లో ఆగనన్న పంతంతో 31 కిలోమీటర్ల దాకా లాగాను. కిలోమీటరుకు ఒంటి బరువు కిలోకి దాదాపు ఒక కేలరీ ఖర్చవుతుంది. ఒంట్లో గ్లైకోజెన్, అంటే కండరాల్లో, కాలేయంలో దాచుకున్న చక్కెర, నిల్వ చూస్తే సుమారు 2,000 కేలరీలే. అక్కడికి అది అడుగంటింది. పిక్కలు రాళ్లలా బిగుసుకుపోయాయి. లేసు ఊడితే వంగలేకపోయాను. నీళ్లిచ్చే అమ్మాయి మోకాళ్ల మీద కూర్చుని, రెండు ముళ్లు వేసి కట్టింది. మిగతా పదకొండూ ఈడ్చుకుంటూ నడిచాను. రెండోసారి ప్రతి నీళ్ల టేబుల్ దగ్గరా కావాలనే నడిచాను, 50 నిమిషాలు ముందే చేరాను. బారు అడుగు గారూ, ఈ రెండింటిలో ఏది పరుగంటారు?

చల్లగాలి:
చిన్న మాట. టేబుల్ దగ్గర నడుస్తున్నాం కదా అని గ్లాసు మీద గ్లాసు తాగకండి. నాలుగైదు గంటలు రోడ్డు మీద ఉండేవాళ్లకు అతిగా తాగితే రక్తంలో సోడియం పడిపోతుంది, అది ప్రాణం మీదికి తెస్తుంది. దాహమైతేనే తాగండి.

బారు_అడుగు:
పిక్కబలం గారూ, రెండోదే మంచి పరుగు, కాదనను. అయినా ఆగకుండా పూర్తి చేయడం వేరే సాధన, దాని విలువ దానిది. ఈ విషయంలో నా మాట మారదు. వేకువ గారూ, మీ మిత్రుడు మాత్రం మెడల్ చేతిలో ఉన్న రోజున ఆ మాట అనాల్సింది కాదు.

వేకువ:
అందరికీ కృతజ్ఞతలు. ఒక సందేహం: 25 దాటాక నిమిషం నడిస్తే మళ్లీ పరుగు అందుకోవడం కష్టమైంది. ఏం చేయాలి?

పిక్కబలం:
నడక అరనిమిషానికి తగ్గించండి, పరుగు రెండు నిమిషాలు చేయండి. కాళ్లు బిగుసుకునేలోపే మళ్లీ కదులుతారు. ముందు ఆదివారం లాంగ్ రన్‌లో చూసుకోండి, పోటీ రోజున కొత్తగా మొదలుపెట్టకండి.