వదరింగ్ హైట్స్‌ను ఒపెరాగా మలచడం: ఏది ఉంచాలి, ఏది కోయాలి?

ప్రశ్న (లిబ్రెటో, అంటే ఒపెరా మాటల పాఠం పని): ఎమిలీ బ్రాంటీ నవల (1847) ఆధారంగా ఇంగ్లీషులో 100 నిమిషాల చాంబర్ ఒపెరా (చిన్న బృందంతో ఆడే ఒపెరా) రాస్తున్నాం. ఐదుగురు గాయకులు, 13 మంది వాద్యకారులు. 34 అధ్యాయాల్లో ఏవి ఉంచాలి? నవలలో కథ చెప్పే పనిమనిషి నెల్లీ కథనాన్ని ఏం చేయాలి? నాయకుడు హీత్‌క్లిఫ్‌ను టెనర్‌కు (పై స్థాయి మగగొంతుకు) ఇవ్వొచ్చా?

మంద్రస్థాయి (మొదటి జవాబు): బారిటోన్‌కే (మధ్యస్థాయి మగగొంతుకే) ఇవ్వండి. ఇదే నవలను ఒపెరాగా మలచిన స్వరకర్తలు బెర్నార్డ్ హెర్మన్, కార్లైల్ ఫ్లాయిడ్ ఇద్దరూ అదే చేశారు, టెనర్ క్యాథీ భర్త ఎడ్గర్‌ది. ఇద్దరూ రెండో తరం (పిల్లల) కథను వదిలేశారు. లిబ్రెటో ఐదారు వేల మాటలు దాటనివ్వకండి. పాట మాటకన్నా మూడింతలు సమయం తింటుంది.

కోతల గుర్తులు స్కోరులో ఇప్పుడే పెట్టుకోండి, రెండు కొసల్లోనూ శ్రుతి, లయ కలిసేలా. హెర్మన్ తన ఒపెరాను 1951లో పూర్తిచేశాడు, కోతలకు మాత్రం ఒప్పుకోలేదు. 1975లో చనిపోయేదాకా అది రంగస్థలం ఎక్కనేలేదు. 1982లో అమెరికాలోని పోర్ట్‌లాండ్‌లో ఎక్కింది.

తెరవెనుక (రెండో జవాబు): అసలు పరీక్ష తొమ్మిదో అధ్యాయం. హీత్‌క్లిఫ్‌ను పెళ్ళి చేసుకుంటే తన స్థాయి దిగజారుతుందని నాయిక క్యాథీ నెల్లీతో అంటుంది. అక్కడిదాకా విని అతను వెళ్ళిపోతాడు. ప్రేమ మాటలు వినడు. నవలలో నేల మీద కూర్చున్న క్యాథీకి ఎత్తైన బెంచీ వీపు అడ్డం, నెల్లీ మాత్రం అతణ్ణి చూస్తుంది. ఆ చూపు ఒక్కటి చాలు, నెల్లీకి వేరే కథనం అక్కర్లేదు.

ఇక్కడ సాధారణంగా జరిగే పొరపాటు: అతను బయటికి నడిచేటప్పుడు ఆర్కెస్ట్రా ఉప్పొంగుతుంది, ప్రేక్షకుల కళ్ళు సర్‌టైటిల్స్ (వేదిక పైన తెర మీద చూపే మాటలు) మీద ఉంటాయి. నిష్క్రమణ ఎవరికీ కనబడదు, తర్వాత కథంతా అర్థంలేనిదవుతుంది. రెండు బార్లు (తాళ భాగాలు) వాద్యాలు ఆపి, సర్‌టైటిల్ తెర ఖాళీగా ఉంచి, అతణ్ణి పంపండి. ఆ తర్వాతే ‘మా ఆత్మలు ఒకటే’ అన్న క్యాథీ మాట ఎత్తాలి.

‘నేనే హీత్‌క్లిఫ్’ అన్న క్యాథీ వాక్యాన్ని మధ్య స్థాయిలో రాయండి. సొప్రానో (పై స్థాయి ఆడగొంతు) స్వరలిపి అయిదు గీతల్లో పై గీత మీది ఎఫ్ స్వరం (దాదాపు 700 హెర్ట్జ్) దాటితే అచ్చులు ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి. ఎత్తైన స్వరం కావాలంటే ఆ తర్వాత మాటల్లేని ఆలాపనలో ఇవ్వండి.

గవాక్షం (మూడో జవాబు): రెండో తరం పోతే హీత్‌క్లిఫ్ పగ కూడా పోతుంది, మిగిలేది విరహ ప్రేమికుడే. అది పెద్ద నష్టం. అందుకే మూడో అధ్యాయంలో చనిపోయిన క్యాథీ దయ్యం కిటికీ దగ్గరికొచ్చే ఘట్టాన్ని నాందిగా తప్పక ఉంచండి. ఇరవై ఏళ్ళుగా తిరుగుతున్నానంటుంది ఆ దయ్యం. ఇరవై ఏళ్ళ తర్వాత కూడా అతనికి శాంతి లేదని ముందే తెలుస్తుంది.

దయ్యం గొంతుకు బాలగాయకులు వద్దు, తెరవెనుక నుంచి తీగవాద్యాల మధ్య వినబడకపోవచ్చు. క్యాథీ పాత్ర సొప్రానోనే తెరవెనుక నుంచి వైబ్రాటో (గొంతు కంపనం) లేకుండా పాడాలి. దూరం నుంచి వచ్చే గొంతు శ్రుతి తగ్గినట్టు వినిపిస్తుంది. పది మీటర్లకే 30 మిల్లీసెకన్ల ఆలస్యం. కండక్టర్ కనబడే మానిటర్ పెట్టి, ఆమెను బీట్‌కు కాస్త ముందుగా పాడమనండి.