‘పీపింగ్ టామ్’ 4కె: గ్రెయిన్ తుడిచేయాలా, ఉంచాలా?

సెకండ్ షో సాంబ
మైకేల్ పావెల్ తీసిన ‘పీపింగ్ టామ్’ (1960) 4కె డిస్క్ ఫ్రెండ్ దగ్గర తెచ్చుకుని చూశాను. చూడనివాళ్ల కోసం రెండు ముక్కలు: లండన్‌లో ఒక సినిమా స్టూడియోలో ఫోకస్ పుల్లర్‌గా (కెమెరా ఫోకస్ సరిచూసే సహాయకుడిగా) పనిచేసే కుర్రాడు ఆడవాళ్లను చంపుతూ, ఆ క్షణంలో వాళ్ల మొహాల్లో భయాన్ని తన కెమెరాలో బంధిస్తాడు. హంతకుడెవరో మొదట్లోనే తెలిసిపోతుంది, స్పాయిలర్ అని నా మీద పడకండి.

సినిమాతో నాకు పేచీ లేదు, బొమ్మతోనే. గోడల మీద, మొహాల మీద సన్నటి చుక్కలు కదులుతూనే ఉన్నాయి. 4కె అంటే అద్దంలా ఉండాలి కదా? అంత ఖర్చుపెట్టి రిస్టోర్ చేసినవాళ్లు (పాత ప్రింటుని బాగుచేసినవాళ్లు) ఈ చుక్కల్ని, అదే గ్రెయిన్‌ని, ఎందుకు వదిలేశారు? తుడిచేయాలనే నా ఓటు.

ల్యాబ్ మేస్త్రి
సాంబ గారూ, గీతలు, దుమ్ము, ఫ్రేము ఊగడం, రంగు వెలిసిపోవడం... ఇవన్నీ సినిమా తీశాక పట్టిన జబ్బులు. వాటిని తీసేయాల్సిందే. గ్రెయిన్ అలా కాదు, అది పుట్టుకతో వచ్చింది. ఫిల్ము మీద బొమ్మ కట్టేదే ఆ రేణువులు. సాఫ్ట్‌వేర్‌తో గట్టిగా తుడిస్తే చర్మం మీది గరుకు, కోటు నేత కూడా దాంతోపాటే పోతాయి. మొహాలు మైనం బొమ్మల్లా తయారవుతాయి.

ఈ సినిమాకైతే ఇంకో కారణం ఉంది. మొదటి సీను గుర్తు తెచ్చుకోండి. లండన్‌లో న్యూమన్ ప్యాసేజ్ దగ్గర రాత్రిపూట వీధి, కోటులో దాచిన 16 ఎం.ఎం. కెమెరా. వ్యూఫైండర్ అడ్డగీతల్లోంచి చూస్తూ ఒకామె వెనకాలే మెట్లెక్కుతాం, అదంతా రంగుల్లో. టైటిల్స్ పడేటప్పుడు అదే దృశ్యం ఆ హంతకుడి గదిలో ప్రొజెక్టర్ మీద నలుపు తెలుపులో మళ్లీ నడుస్తుంది. తెరకేసి చూస్తున్న అతని తల వెనకభాగం మనకి కనిపిస్తుంటుంది. ఫిల్ము లోపల ఇంకో ఫిల్ము. అంతా ఒకేలా నున్నగా చేశారనుకోండి, తెర మీది బొమ్మకీ దాన్ని చూస్తున్న మనిషికీ ఒకటే పాలిష్ వస్తుంది. ఇక ఆ సీను ఎందుకు?

ఓటీటీ ఓబులేసు
మేస్త్రీ, మీరు చెప్పేది బాగానే ఉంది గానీ, మా పిల్లలకి ఇది పెడితే ‘టీవీ పాడైంది నాన్నా’ అంటారు. 2010లో మన ‘మాయాబజార్’కి రంగులేసి వదిలారు. అంతమాత్రాన పాత నలుపు తెలుపు ప్రింటు ఎక్కడికీ పోలేదుగా? దీనికీ రెండు వెర్షన్లు ఇవ్వచ్చు. నున్నటిది మాకు, చుక్కలది మీకు. పంచాయితీ అయిపోతుంది.

ల్యాబ్ మేస్త్రి
మాట వినడానికి తేలిగ్గానే ఉంటుంది ఓబులేసూ. రెండు వెర్షన్లు ఉంటే ఓటీటీవాళ్లు ఏది పెడతారు? నున్నటిదే. పదేళ్లు పోయాక అసలు సినిమాయే అలా ఉండేదనుకుంటారు.

డాలస్ దుర్గ
కొంచెం వెనక్కి వెళ్దాం. 1960లో లండన్ విమర్శకులు ఈ సినిమాని ఉతికి ఆరేశారు. మురిక్కాలవలో పారేయమని రాసినవాళ్లూ ఉన్నారు. బ్రిటన్‌లో పావెల్ కెరీర్‌కి కోలుకోలేని దెబ్బ తగిలింది. 1979లో అమెరికాలో మళ్లీ విడుదల కావడానికి సాయపడ్డది హాలీవుడ్ దర్శకుడు మార్టిన్ స్కోర్సెసీ. ఆయన పెట్టిన ఫిల్మ్ ఫౌండేషన్, బీఎఫ్ఐ (బ్రిటిష్ ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్) నేషనల్ ఆర్కైవ్ కలిసి స్టూడియోకెనాల్ అనే సినిమా కంపెనీ తోడుతో 2023లో ఈ రిస్టోరేషన్ బయటికి తెచ్చాయి. ఇంత పట్టుదలగా కాపాడినవాళ్లు గ్రెయిన్‌ని చూసుకోకుండా వదిలేశారంటే నేను నమ్మను. కావాలనే ఉంచారు.

నన్నడిగితే అనుమానించాల్సింది హెచ్‌డీఆర్‌ని, అంటే వెలుగుని, రంగుల్ని మామూలుకన్నా ఎక్కువ చేసి చూపించే పద్ధతిని. థియేటర్ తెర వెలుగు ప్రమాణం సుమారు 55 నిట్లు (నిట్ అంటే వెలుగు కొలత). ఇంట్లో టీవీ 1000 దాకా కొడుతుంది. సినిమాలో ఆ కుర్రాడు ఫిల్ము కడిగే డార్క్‌రూమ్‌లో ఎర్ర దీపం సీన్లున్నాయి కదా, ఆ ఎరుపుని ఎంతవరకు పెంచాలి? అప్పటి ప్రేక్షకుడు చూసింది ఎంత? ఇక్కడైతే వాళ్లు హద్దులోనే ఉన్నారని నా అభిప్రాయం. ఎరుపు చిక్కగా ఉంది, కళ్లలో పొడవలేదు. కానీ అన్ని పాత సినిమాలకీ ఇంత నిగ్రహం ఉండదు.

సాంబ గారూ, ఒకటి అడుగుతాను, ఏమనుకోకండి. మీ టీవీ రంగులు, పదును పెంచి చూపే వివిడ్ మోడ్‌లో గానీ ఉందా? షార్ప్‌నెస్ ఎక్కువుంటే ప్రతి రేణువు చుట్టూ అంచు గీసి చూపిస్తుంది. సినిమాని తీసినట్టే చూపే ఫిల్మ్‌మేకర్ మోడ్ పెట్టి, కదలికల్ని నున్నగా చేసే మోషన్ స్మూతింగ్ ఆపి చూడండి.

సెకండ్ షో సాంబ
పెట్టాను. షార్ప్‌నెస్ తగ్గించాక చుక్కల గోల సగానికి సగం పోయింది. ఆ ప్రొజెక్టర్ సీను మేస్త్రి గారు చెప్పినట్టే ఉంది, అందులో వాదనకి రాను. అయినా మిగతా సినిమాలో కాస్త సన్నగా తుడిస్తే కొంపేం మునగదు. నా ఓటు అక్కడే ఉంది. ఓబులేసు రెండు వెర్షన్ల మాటకి కూడా నా మద్దతు.

డిస్క్ తిరిగిచ్చేయాలి, సొంతంగా ఒకటి కొనాలనుంది. బ్రిటన్ డిస్క్ తెప్పిస్తే ఇక్కడ ఆడుతుందా?

డాలస్ దుర్గ
4కె యూహెచ్‌డీ డిస్కులకి రీజియన్ గోల (ఏ ప్రాంతం డిస్క్ ఆ ప్రాంతం ప్లేయర్‌లోనే ఆడాలనే లెక్క) లేదు, ఎక్కడిదైనా ఆడుతుంది. పెట్టెలో జతగా వచ్చే మామూలు బ్లూరేతోనే చిక్కు: బ్రిటన్‌ది బి, ఇండియాది సి, ఇక్కడ అమెరికాలో ఎ. మా దగ్గర క్రైటీరియన్ అనే డిస్క్ కంపెనీ వాళ్లది 2024లో వచ్చింది. ఏది కొన్నా ముందు మీ ప్లేయర్ 4కె యూహెచ్‌డీదో కాదో చూసుకోండి. మామూలు బ్లూరే ప్లేయర్‌లో 4కె డిస్క్ ఆడదు.