సిటీ పోలీస్ ఫుట్‌బాల్ టీమ్ గురించి మా తాత చెప్పేది నిజమేనా?

గోల్‌కీపర్_మనవడు:
ఫుట్‌బాల్ మాటెత్తితే చాలు, మా తాత "హైదరాబాద్ సిటీ పోలీస్ ఆట చూశారా మీరు? కలకత్తా వాళ్లకు చెమటలు పట్టేవి" అని మొదలుపెడతాడు. ఒక పోలీసు టీమ్ మోహన్ బగాన్ లాంటి క్లబ్బును ఓడించిందంటే నమ్మబుద్ధి కావట్లేదు. పెద్దాయన కాస్త కలిపి చెబుతున్నాడా?

ఫతేమైదాన్ గ్యాలరీ:
కలపలేదు బాబూ, తగ్గించే చెప్పాడు. అప్పట్లో దేశంలో పెద్ద ఫుట్‌బాల్ టోర్నమెంట్లంటే బొంబాయి రోవర్స్ కప్, డ్యూరాండ్ కప్. 1950 నుంచి 1954 దాకా రోవర్స్ కప్ వరుసగా ఐదేళ్లు వీళ్లదే. డ్యూరాండ్ కప్ 1950, 1954, 1957లో గెలిచారు, 1961లో ఆంధ్రా పోలీస్ పేరుతో ఇంకోసారి. మీరు అడిగిన మోహన్ బగాన్ 1950 డ్యూరాండ్ ఫైనల్లో ఓడింది వీళ్ల చేతిలోనే.
అసలు మనిషి కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం. బడిపంతులు. 1951, 1962 ఏషియాడ్‌లలో ఇండియాకు బంగారు పతకాలు వచ్చింది, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం వచ్చింది ఆయన కోచింగ్‌లోనే. ఊళ్లో కుర్రాళ్లకు డ్రిబ్లింగ్ చేయకూడదని ఒక టోర్నమెంట్, అలవాటు లేని కాలితోనే కొట్టాలని ఇంకో టోర్నమెంట్ పెట్టేవాడు. బంతి కాలికి తగలగానే పాస్ ఇచ్చే ఆట అలా నేర్పాడు.

అమ్ముగూడ లైన్:
మా అమ్ముగూడ బలరాం సంగతి మరిచిపోకండి. ప్రాక్టీసుకు రావడానికి డబ్బుల్లేవంటే సైకిల్ అద్దె రహీం సాబే ఇచ్చేవాడట. మెల్‌బోర్న్‌లో ఆడాడు, 1957లో కలకత్తా క్లబ్బు ఈస్ట్ బెంగాల్‌కు వెళ్లిపోయాడు. తయారుచేసేది ఇక్కడ, ఆడేది కలకత్తాలో!

కవర్‌డ్రైవ్:
క్రికెట్ మింగేసింది, అంతే.

ఫతేమైదాన్ గ్యాలరీ:
అన్నిటికీ క్రికెట్‌ని తిట్టడం తేలిక. 1983 ప్రపంచకప్ నాటికే మన ఫుట్‌బాల్ ఎప్పుడో చల్లబడింది. 1963 జూన్‌లో క్యాన్సర్‌తో రహీం సాబ్ పోయారు, అప్పటికే మంచి ఆటగాళ్లు కలకత్తా బాట పట్టారు. అంతా ఒక్క మనిషి మీద నడిపితే ఆయన తర్వాత ఎవరున్నారు? ఇది నా కోపం, ఎవరూ నొచ్చుకోవద్దు.

గోల్‌కీపర్_మనవడు:
థాంక్స్ అండీ. తాతకు మొత్తం చదివి వినిపించా. అలవాటు లేని కాలి టోర్నమెంట్ దగ్గర ఆపమని, "అందులో నేనూ ఆడా, మొదటి మ్యాచ్‌కే ఇంటికొచ్చా" అన్నాడు. ఇన్నేళ్లలో ఆ ముక్క మాత్రం ఒక్కసారీ చెప్పలేదు.