అప్‌డేట్: వేగవంతమైన రీడౌట్‌కు పర్సెల్ ఫిల్టర్‌నే ఎంచుకున్నాను

క్వాంటమ్ కంప్యూటర్‌లో రీడౌట్, అంటే క్యూబిట్ (క్వాంటమ్ బిట్) స్థితిని కొలవడం, వేగంగా జరగాలంటే దానికి జతచేసిన రెజొనేటర్ (ఒక నిర్దిష్ట ఫ్రీక్వెన్సీ దగ్గర స్పందించే మైక్రోవేవ్ సర్క్యూట్) నుంచి సంకేతం త్వరగా బయటికి రావాలి, కానీ అదే దారిన క్యూబిట్ శక్తి కూడా జారిపోతుంది. ఈ నష్టాన్ని అడ్డుకునేదే పర్సెల్ ఫిల్టర్. వేగాన్నీ, క్యూబిట్ శక్తిని కాపాడటాన్నీ ఎలా పొసగించాలని లోగడ అడిగాను. సమాధానమిచ్చిన వారందరికీ కృతజ్ఞతలు.

క్యూబిట్ 5 గిగాహెర్ట్జ్, రెజొనేటర్ 7 గిగాహెర్ట్జ్, కప్లింగ్ (ఆ రెండింటి మధ్య బంధపు బలం) 100 మెగాహెర్ట్జ్ అయితే, కప్లింగ్‌ను ఫ్రీక్వెన్సీల తేడాతో భాగించి వర్గం చేస్తే 0.0025 వస్తుంది, రెజొనేటర్‌లోని ఫోటాన్ (మైక్రోవేవ్ శక్తి కణం) 50 నానోసెకన్లలో బయటపడే అమరికలో ఈ నష్టం ఒక్కటే క్యూబిట్ ఆయుష్షును 20 మైక్రోసెకన్లకు పరిమితం చేస్తుంది. తేడాను పెంచమని కొందరు సూచించారు గానీ, ట్రాన్స్‌మాన్ అనే రకం క్యూబిట్‌లో కొలతకు ఆధారమైన మార్పు (క్యూబిట్ స్థితిని బట్టి రెజొనేటర్ ఫ్రీక్వెన్సీ జరగడం) కూడా దాదాపు అదే నిష్పత్తిలో తగ్గిపోతుంది కనుక పెద్దగా ఒరిగేదేమీ లేదు.

మిగిలింది ఫిల్టర్. 2010లో యేల్ విశ్వవిద్యాలయ బృందం వాడినది క్యూబిట్ ఫ్రీక్వెన్సీ దగ్గర దారి మూసే పావు తరంగదైర్ఘ్యపు స్టబ్ (లైన్ నుంచి పక్కకు చీలిన చిన్న కొమ్మ). అది ఇరుకైన ఫ్రీక్వెన్సీ పట్టీలోనే బాగా పనిచేస్తుంది. నా చిప్‌లో క్యూబిట్ల ఫ్రీక్వెన్సీలు వేర్వేరు కాబట్టి, రెజొనేటర్ల పట్టీని మాత్రమే వదిలే బ్యాండ్‌పాస్ ఫిల్టర్‌ను అన్నింటికీ ఉమ్మడిగా పెడుతున్నాను. 2014లో నాలుగు క్యూబిట్లను ఒకేసారి కొలిచిన ప్రయోగంలో ఇదే పద్ధతితో, అన్నింటికంటే వేగవంతమైన క్యూబిట్‌ను 140 నానోసెకన్లలో 99.8 శాతం కచ్చితత్వంతో కొలిచారు.

అయితే కొలత పల్స్ బలాన్ని విచ్చలవిడిగా పెంచితే క్యూబిట్ మరింత ఎత్తైన శక్తి స్థాయిలకు ఎగబాకే ప్రమాదం ఉంది, దాన్ని ఏ ఫిల్టరూ ఆపదు. అందుకే ఫోటాన్ల సంఖ్యను తక్కువగానే ఉంచుతున్నాను.