మిద్దెతోట మిరపలో ఆకుముడత: పురుగా, నల్లియా, వైరసా?

ప్రశ్న:
హైదరాబాదులో మా మిద్దె మీద కుండీల్లో మిరప మొక్కలు పెంచుతున్నాము. పూత దశ వరకు ఏపుగా పెరిగిన మొక్కలు వానలు పట్టిన తరువాత చిగుళ్ళు ముడుచుకొని గిడసబారిపోతున్నాయి. ఒక కొమ్మ తుంచి విత్తనాల దుకాణానికి తీసుకువెళ్ళి చూపిస్తే, వైరస్ అని చెప్పి ఇమిడాక్లోప్రిడ్ మందు ఇచ్చారు. దానిని పిచికారీ చేసినా ముడత ఆగలేదు. మొక్కలన్నీ పీకివేయవలసిందేనా?

సమాధానం:
తొందరపడి పీకవద్దండి. మిరపలో ఆకు ముడుచుకోగానే వైరస్ అనడం అందరికీ అలవాటైపోయింది కానీ, ఇంటి కుండీల్లో కనిపించే ముడతల్లో చాలావాటికి కారణం పురుగో నల్లో అయి ఉంటుంది, ఆ రెండింటికీ మందు ఉంది. ముందుగా ఆకు అంచులు ఏ వైపుకు ముడుచుకున్నాయో చూసి చెప్పండి. అంచులు పైకి లేచి, ఆకు దోనెలాగా కనిపిస్తే దానిని రైతులు పై ముడత అంటారు, అది తామర పురుగుల పని. అంచులు కిందికి వంగి అదే దోనె బోర్లించినట్లు ఉంటే కింది ముడత, అది తెల్లనల్లి (పురుగు కాదు, సాలీడు కోవకు చెందిన అతి సూక్ష్మమైన జీవి) వలన వస్తుంది.

తామర పురుగును పట్టుకోవడం సులభం. చిగురు కింద తెల్ల కాగితం పెట్టి కొమ్మను నాలుగు సార్లు తట్టితే, మిల్లీమీటరు పొడవున్న సన్నని పురుగులు కాగితం మీద పాకుతూ కనిపిస్తాయి. పువ్వులను కూడా విప్పి చూడండి, ఎందుకంటే 2021లో మన మిరప రైతులను నిలువునా ముంచిన నల్ల తామర పురుగు ఎక్కువగా పూలలోనే దాగి ఉంటుంది. తెల్లనల్లి మాత్రం మామూలు కంటికి ఆనదు. పది రెట్లు పెద్దదిగా చూపే భూతద్దంతో లేత ఆకుల అడుగుభాగాన్ని ఓపికగా వెదకవలసి ఉంటుంది. భూతద్దం లేకపోతే ఆకు కాడను గమనించండి: నల్లి ఆశించిన మొక్కలో ఆకు చిన్నదై, దాని కాడ మాత్రం అసహజంగా సాగి ఉంటుంది. పొడి వాతావరణం తామర పురుగుకు, ఉక్కపోతతో కూడిన తేమ నల్లికి అనుకూలం కనుక, వానల తరువాత వచ్చిన మీ ముడత విషయంలో నాకు నల్లి మీదే అనుమానం ఎక్కువగా ఉంది.

ప్రశ్న అడిగినవారు:
మీరు చెప్పినట్లే అన్నీ పరిశీలించాను. చాలా మొక్కల్లో అంచులు కిందికే ఉన్నాయి, కాడలు సాగి ఉన్నాయి, కాగితం మీద ఏమీ రాలలేదు. అయితే మూలన ఉన్న ఒక మొక్క వేరుగా ఉంది. దాని ఆకులు బాగా చిన్నవై, పైకి ముడుచుకొని, పసుపు రంగుకు తిరిగాయి, ఈనెలు మందంగా తగులుతున్నాయి. కదిలిస్తే తెల్లటి చిన్న దోమలు లేస్తున్నాయి.

సమాధానం:
అంచులు పైకి ముడుచుకున్నా, పసుపు రంగు, మందమైన ఈనెలు, తెల్లదోమలు చూస్తే ఆ మూలన ఉన్న మొక్కకు మాత్రం ఆకుముడత తెచ్చే జెమిని వైరస్ సోకినట్లే అనిపిస్తున్నది. దీనిని తెల్లదోమ ఒక మొక్క నుండి మరొక మొక్కకు చేరవేస్తుంది, సోకిన మొక్కను తిరిగి బాగుచేసే మందు ఏదీ లేదు. ఉదయం పూట దోమలు చల్లగా కదలకుండా ఉన్న సమయంలో మొక్క మీద సంచి కప్పి, మొదలంటా తీసి, మూట కట్టి పారవేయండి. మిగిలిన మొక్కల మధ్య పసుపు రంగు జిగురు అట్టలు వేలాడదీస్తే తెల్లదోమ కొంతవరకు వాటికి అంటుకుంటుంది. తామర పురుగులున్నవారు నీలి రంగు అట్టలు వాడాలి.

మిగతా మొక్కల ముడత ఇమిడాక్లోప్రిడ్‌కు లొంగకపోవడంలో వింత లేదు, ఎందుకంటే అది రసం పీల్చే పురుగుల మందు, నల్లి మీద పనిచేయదు. నీటిలో కరిగే గంధకం లీటరు నీటికి 3 గ్రాములు కలిపి, ఆకుల అడుగుభాగమంతా తడిసేలా, ఎండ తగ్గిన తరువాత సాయంత్రం పూట పిచికారీ చేయండి. మండుటెండలో గంధకం కొడితే ఆకులు మాడిపోతాయి. వేపనూనె వాడి ఉంటే రెండు వారాలు గడిచిన తరువాతనే గంధకం వాడాలి, ముందు గంధకం కొట్టినా నూనెకు అంతే ఎడం ఇవ్వాలి. ఇక ముడుచుకున్న పాత ఆకు మళ్ళీ విచ్చుకోదు. కొత్త చిగురు సాఫీగా వస్తున్నదా లేదా అన్నదే చూడవలసిన గుర్తు.

మరొక సభ్యులు:
మా మొక్కల్లో ముడత లేదు, ఆకులు పసుపుబారుతున్నాయి. ఎప్సం ఉప్పు వేయమంటున్నారు, వేయవచ్చా?

సమాధానం:
పసుపు ఎక్కడ మొదలైందో చూడకుండా ఏ ఉప్పూ వేయవద్దు. కింది ముదురు ఆకులు మొత్తంగా పసుపైతే నత్రజని లోపం, పశువుల ఎరువో వేపపిండో సరిపోతుంది. ముదురు ఆకుల్లోనే ఈనెలు పచ్చగా ఉండి మధ్య భాగం పసుపైతే మెగ్నీషియం లోపం, ఎప్సం ఉప్పు లీటరు నీటికి 5 గ్రాములు కలిపి ఆకుల మీద కొట్టవలసింది ఈ ఒక్క సందర్భంలోనే. ఇదే లక్షణం లేత చిగుళ్ళలో కనిపిస్తే అది ఇనుము లోపం. బోరు నీరు క్షార గుణం కలిగినదైతే మట్టిలో ఇనుము ఉన్నా వేరుకు అందదు కనుక, లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్), 1 గ్రాము నిమ్మ ఉప్పు కలిపి ఆకులకే అందించాలి. వీటన్నింటికంటే ముందు కుండీ అడుగు రంధ్రం మూసుకుపోయిందేమో చూడండి. వేరు కుళ్ళుతున్న మొక్క కూడా పసుపుబారుతుంది, దానికి ఏ పోషకం ఇచ్చినా దండగే.

ప్రశ్న అడిగినవారు:
వైరస్ మొక్క తీసిన కుండీలోని మట్టిని పారవేయాలా? కాయలు తినవచ్చా?

సమాధానం:
మట్టిని పారవేయనక్కరలేదు. జెమిని వైరస్ మట్టి ద్వారా కాదు, తెల్లదోమ ద్వారా వ్యాపిస్తుంది. అయితే తామర పురుగులు మట్టిలో కోశస్థ దశ (ప్యూపా దశ) గడుపుతాయి కాబట్టి, వాటి బెడద ఉన్న కుండీల మట్టిని పలుచగా పరిచి ఎండబెట్టి వాడుకోవడం మంచిది. వైరస్ సోకిన మొక్క కాయల వలన మనుషులకు హాని లేదు. మీరు కొట్టిన ఇమిడాక్లోప్రిడ్ విషయంలోనే జాగ్రత్త అవసరం: సీసా మీద కోతకు ముందు ఎన్ని రోజులు ఆగాలని రాసి ఉన్నదో చూసి, ఆ గడువు పూర్తయిన తరువాతనే కాయలు కోయండి.