వినైల్‌ను ఇంట్లోంచి పూర్తిగా వెళ్లగొట్టాలా?

తెల్లకాగితం:
మా గదిలో నేలకు పరిచిన వినైల్ షీటు అంచులు లేచిపోతే పీకేశాం. చుట్టి బయట పెట్టి నెలయింది. పాతసామాన్లు కొనేవాళ్లు ముట్టుకోవడం లేదు. తగలబెడదామంటే వినైల్ అంటే పీవీసీ అనే ప్లాస్టిక్, ఏమీ కలపని పీవీసీ బరువులో సగానికి పైగా క్లోరినే. కాలిస్తే ఆమ్లపు ఆవిరి, డయాక్సిన్లనే విషపదార్థాలు వస్తాయి. ఇల్లంతా కలియజూస్తే వైర్ల తొడుగు, నీళ్ల పైపు, రెయిన్‌కోటు, గోడ స్టిక్కరు, అన్నీ అదే. ఇకమీదట వినైల్‌తో చేసినవేవీ కొనకూడదనుకుంటున్నాను, పాటల రికార్డులు కూడా. ఎవరైనా కాదంటారా?

గాడిలోముల్లు:
నేను కాదంటాను. రికార్డులను ఆ లెక్కలో కలపకండి. వినైల్ రాకముందు రికార్డులను లక్క కలిపి చేసేవాళ్లు. ఒక్కో వైపు మూడు నాలుగు నిమిషాల పాట, చెయ్యి జారితే ముక్కలు. 1948లో కొలంబియా కంపెనీ నిమిషానికి 33⅓ చుట్లు తిరిగే వినైల్ ఎల్పీ, అంటే ఎక్కువసేపు పాడే రికార్డు, తెచ్చింది. నున్నటి పదార్థం కాబట్టి గాడి సన్నబడింది, రొద తగ్గింది, ఒక వైపే ఇరవై నిమిషాలు దాటి పట్టింది. పెద్ద కచేరీని తుంచకుండా ఇంట్లో కూర్చుని వినగలిగాం.

మా నాన్న కొన్న రికార్డు ఒకటి నా దగ్గరుంది. అట్ట కవరు అంచు చిరిగింది. మెత్తటి బ్రష్షుతో దుమ్ము తీసి ముల్లు దించితే ముందు చిన్న చిటపట, తర్వాత పాట. సీడీ కంటే శబ్దం బాగుంటుందని నేను వాదించను. లోపలి గాడులకు చేరేసరికి కాస్త చెదురుతుంది కూడా. కానీ యాభై ఏళ్లుగా పాడుతున్న వస్తువును చెత్తలో కలపడం అన్యాయం.

చివరిబెంచి:
మీ నాన్నగారి రికార్డు సంగతి వేరండీ. ఇప్పుడు తయారవుతున్నవాటి గురించి చెప్పండి. అమెరికాలో 2022లో సీడీల కన్నా వినైల్ రికార్డులే ఎక్కువ సంఖ్యలో అమ్ముడయ్యాయి, 1987 తర్వాత అదే మొదటిసారి. పాట ఫోన్లో విని, రికార్డును అలమరలో అలంకారానికి పెట్టుకునేవాళ్లను నేనే చూశాను. దీని ముడిసరుకు వినైల్ క్లోరైడ్ వాయువు. 1974లో కెంటకీలోని లూయిస్‌విల్ పీవీసీ ఫ్యాక్టరీ కార్మికుల్లో అరుదైన కాలేయ క్యాన్సర్ బయటపడింది. 2023లో ఒహాయోలో రైలు పట్టాలు తప్పాక, చుట్టుపక్కల జనాన్ని ఖాళీ చేయించి, ట్యాంకర్లలోని ఆ సరుకును తగలబెట్టారు. అలంకారం కోసం ఇంత అవసరమా?

ఎర్రచుక్క:
నేను బ్లడ్ బ్యాంకులో పనిచేస్తాను. మా బ్యాగులూ వినైలే. పూర్వం గాజుసీసాలు ఉండేవి, పగిలేవి. ఇప్పుడు బ్యాగునే సెంట్రిఫ్యూజ్ అనే యంత్రంలో పెట్టి గిర్రున తిప్పుతాం. ఎర్రకణాలు అడుక్కి దిగి, పైన ప్లాస్మా లేతపసుపు రంగులో తేరుకుంటుంది. బ్యాగును మెల్లగా నొక్కితే ప్లాస్మా సన్న గొట్టంలోంచి పక్క బ్యాగులోకి వెళ్తుంది, బయటి గాలి ఎక్కడా తగలదు. అలా ఒకరిచ్చిన రక్తం ఇద్దరు ముగ్గురికి పనికొస్తుంది.

పీవీసీ స్వతహాగా గట్టిది. మెత్తబడటానికి కలిపే డీఈహెచ్‌పీ వల్ల నిల్వలో ఎర్రకణాలు తొందరగా చితికిపోవు. అదే డీఈహెచ్‌పీ ఒంటికి హాని చేస్తుందని పిల్లల బొమ్మల్లో యూరప్ దాన్ని 0.1 శాతం దాటనివ్వదు. నెలలు నిండని పసికందులకు రక్తం ఎక్కించే రోజు నాకూ టెన్షనే. వేరే పదార్థాలు వస్తున్నాయి, రావాలి. అంతవరకూ వినైల్ వద్దని ఒక్క మాటలో నేను అనలేను.

తెల్లకాగితం:
బ్లడ్ బ్యాగు సంగతి నాకు తట్టనే లేదు, ఒప్పుకుంటున్నాను. పాత రికార్డుల మాటా వెనక్కి తీసుకుంటున్నాను. రెండు రోజులు కట్టి పీకేసే వినైల్ ఫ్లెక్సీల మీద మాత్రం పట్టు వదలను. పైపు గోడలో దశాబ్దాలు ఉంటుంది, ఫ్లెక్సీ మూడో రోజుకే మురిక్కాలువలో ఉంటుంది.

గాడిలోముల్లు:
ఫ్లెక్సీల విషయంలో మీ వైపే. కొత్త రికార్డుల్లో కూడా, అంచుల్లో కోసేసిన ముక్కలు కరిగించి మళ్లీ అచ్చేసినవి దొరుకుతున్నాయి. అవి కొంటే ఒప్పుకుంటారా?

తెల్లకాగితం:
వింటానంటే ఒప్పుకుంటాను. నా షీటు మాత్రం ఇంకా బయటే ఉంది. పాత వినైల్ షీట్లు వెనక్కి తీసుకునేవాళ్లు ఎవరికైనా తెలిస్తే దయచేసి చెప్పండి.